ఎవరూ ఫోల్డ్ చేయని పోకర్ టేబుల్‌లో లాభం ఎక్కడుంది?

తక్కువ పందేల లైవ్ పోకర్ ఆడేవాళ్ల నోట తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది: "ఇక్కడ ఎవరూ ఫోల్డ్ చేయరు, ఇక మంచి ఆట ఆడి ఏం లాభం?" ఫోల్డ్ అంటే ముక్కలు పడేసి తప్పుకోవడం. ఆసుల జత పట్టుకుని రైజ్ చేసినా, అంటే పందెం పెంచినా, నలుగురు కాల్ చేస్తారు, అంటే అంత పందెమూ కట్టి ఆటలో ఉంటారు. చివరి ముక్కకు ఎవరికో రెండు జతలు పడతాయి, పాట్, అంటే మధ్యలో పోగైన పందెం, అటు వెళ్లిపోతుంది. వరసగా రెండుమూడు సార్లు ఇలా జరిగితే, ఎదుటివాళ్లకు ఆట కాస్త బాగా తెలిసి ఉంటే నయమని అనిపించడం సహజమే. లెక్క మాత్రం దీనికి పూర్తిగా ఎదురు చెబుతుంది. కాల్ చేయకూడని ముక్కలతో జనం కాల్ చేయడమే ఈ టేబుళ్లలో లాభానికి మూలం. ఆ కాల్స్ ఆగిపోయిన రోజున గెలవడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలదు.

ముందు ఆట స్వరూపం చూద్దాం. నో లిమిట్ టెక్సాస్ హోల్డెమ్, అంటే చిప్స్ అన్నీ ఒకేసారి పెట్టే వీలున్న ఆట, తొమ్మిదిమంది కూర్చున్న టేబుల్, ఒక్కొక్కరి ముందు సుమారు 100 బిగ్ బ్లైండ్ల చిప్స్. బిగ్ బ్లైండ్ అంటే ప్రతి ఆటలో ఒకరు ముందే తప్పనిసరిగా కట్టే పందెం. ఒక్కొక్కరికీ విడిగా రెండు ముక్కలు, అందరికీ ఉమ్మడిగా బోర్డు మీద ఐదు: మొదట మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్), ప్రతి దశలోనూ పందేలు. లెక్కలన్నీ బిగ్ బ్లైండ్లలోనే చెప్పుకుంటే ఏ స్థాయి పందేనికైనా సరిపోతాయి. ఇలాంటి టేబుల్‌లో ఫ్లాప్ చూసేవాళ్లు నలుగురో ఐదుగురో ఉంటారు. రైజ్ చేయకుండా కనీస పందెం కట్టి లోపలికి వచ్చే అలవాటు, అంటే లింప్ చేయడం, ఎక్కువ. రీరైజ్‌లు అరుదు. ఏదో ఒక జత పడిందంటే చాలామంది చివరిదాకా వదలరు. కాల్ చేయడానికి వెనకాడరు, రైజ్ చేయడానికి మాత్రం చాలా ఆలోచిస్తారు. ఈ రెండు లక్షణాలూ ఒకే మనిషిలో ఉంటాయి గానీ, వాటికి ఇవ్వాల్సిన జవాబులు వేరు.

ఆసుల సంగతే తీసుకుందాం. ఎదుట ఒక్కరే ఉండి, వాళ్ల చేతిలో ఏ ముక్కలైనా ఉండొచ్చనుకుంటే, ఆసుల జత గెలిచే అవకాశం 85 శాతం. ఇద్దరుంటే 73, ముగ్గురుంటే 64, నలుగురుంటే 56, ఐదుగురుంటే 49. ఈ తగ్గుదల చూసి భయపడేవాళ్లు పాట్ ఎంత పెరిగిందో చూడటం మరిచిపోతారు. 6 బిగ్ బ్లైండ్లకు రైజ్ చేస్తే ఒక్కరే కాల్ చేశారనుకుందాం. పాట్ 12, అందులో 85 శాతం వాటా 10.2, పెట్టిన 6 తీసేస్తే మిగులు 4.2. అదే నలుగురు కాల్ చేస్తే పాట్ 30, వాటా 16.8, మిగులు 10.8. గెలిచే సార్లు బాగా తగ్గినా సగటు లాభం రెండున్నర రెట్లయింది. అసలు ఆటలో కాల్ చేసేవాళ్ల ముక్కలు కొంత మెరుగ్గానే ఉంటాయి, తర్వాతి రౌండ్ల పందేలూ ఉంటాయి కాబట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. మొగ్గు మాత్రం మారదు. నలుగురు ఎదురుంటే ఆసులు 44 శాతం సార్లు ఓడతాయి, ఆ ఓటములన్నీ ఈ 10.8 లెక్కలో ఇప్పటికే కలిసే ఉన్నాయి. ఇది మనసుకు పట్టని ఆటగాడు ఆసులు ఓడిన ప్రతిసారీ కోపంతో తర్వాతి గంట ఆటను పాడుచేసుకుంటాడు. ఆ గంటలో పోయేది ఆసులతో పోయినదానికన్నా ఎక్కువే ఉంటుంది.

దీన్నిబట్టే రైజ్ ఎంత ఉండాలో తేలుతుంది. ఆన్‌లైన్‌లో రెండు, రెండున్నర బిగ్ బ్లైండ్ల రైజ్ మామూలు. లూజ్‌గా, అంటే దేనికైనా కాల్ చేస్తూ ఆడే లైవ్ టేబుల్‌లో అది లింప్‌తో సమానం, ఎవరూ లెక్కచేయరు. 5 లేదా 6తో మొదలుపెట్టి, ముందే లింప్ చేసిన ఒక్కొక్కరికీ ఒకటి చొప్పున కలుపుకుంటూ పోవడం ఇక్కడ సరైన కొలత. 8 పెట్టినా అంతమందే కాల్ చేస్తుంటే 8 పెట్టాలి. మంచి ముక్కలకు ఒక సైజు, మామూలు ముక్కలకు ఇంకో సైజు పెట్టే అలవాటు మాత్రం వద్దు. టేబుల్‌లో ఏడుగురు గమనించకపోయినా గమనించే ఒక్కరు ఉంటారు, వాళ్ల దగ్గర చాలా పోతుంది.

ఏ ముక్కలతో ఆడాలన్నది ఎక్కువమంది తడబడే చోటు. "అందరూ చెత్త ముక్కలతో ఆడుతున్నారు కాబట్టి మనమూ కాస్త వదులుగా ఆడొచ్చు" అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. సగం నిజం కూడా. కొన్ని ముక్కల విలువ ఇక్కడ నిజంగానే పెరుగుతుంది, కొన్నిటిది పడిపోతుంది. రెండూ వేర్వేరు రంగులైన రాజు, జాకీ చూడటానికి ముచ్చటగా ఉంటాయి. రైజ్ చేసిన మనిషి దగ్గర ఆసు, రాజు ఉంటే మాత్రం రాజు పడినప్పుడే అసలు నష్టం మొదలవుతుంది. ఇద్దరికీ అదే జత, పక్క ముక్క దగ్గర తేడా. ఇలాంటి పోటీలో పెద్ద పక్క ముక్క ఉన్నవాళ్లు నాలుగింట మూడు సార్లు గెలుస్తారు. ఆసు, ఏడు లాంటి చేతులకూ, అంటే పంచిన ముక్కల జోడీలకూ, ఇదే గతి. గెలిస్తే చిన్న పాట్, ఓడితే పెద్ద పాట్. నలుగురైదుగురు ఫ్లాప్ చూసే ఆటలో ఇలాంటి చేతులు రోజంతా కొంచెం కొంచెంగా చిప్స్ తినేస్తాయి.

విలువ పెరిగేవి పడితే గట్టిగా పడే చేతులు. చిన్న జతలు ఈ కోవలోకి వస్తాయి. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో అదే ముక్క ఇంకొకటి పడి సెట్ అయ్యే అవకాశం 11.8 శాతం, అంటే సుమారు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. 6 బిగ్ బ్లైండ్ల రైజ్‌కు కాల్ చేస్తే, ఏడున్నర సార్లు పోయే ఆ 6లు మొత్తం 45 అవుతాయి. సెట్ పడిన ఆ ఒక్కసారి సగటున కనీసం అంత తిరిగి రావాలి. ప్రతి సెట్‌కూ డబ్బు ఇచ్చేవాళ్లు దొరకరు, కొన్ని సెట్లు ఓడిపోతాయి కూడా. అందుకే కాల్ చేసే మొత్తానికి కనీసం 15 రెట్లు ఎదుటివాళ్ల దగ్గర మిగిలి ఉండాలన్న జాగ్రత్త పాటించడం మంచిది. ఎదుట 40 బిగ్ బ్లైండ్లే ఉంటే చిన్న జతతో 6 పెట్టడం నష్టమే. 100 ఉండి, టాప్ పెయిర్ (బోర్డు మీది పెద్ద ముక్కతో కలిసిన జత) వదలలేని మనిషి అయితే ఆనందంగా పెట్టొచ్చు.

రెండూ ఇస్పేటో, రెండూ కళావరో అయిన సూటెడ్ ముక్కల మీద ఆశ మాత్రం చాలామందికి ఉండాల్సినదానికన్నా ఎక్కువ. ఫ్లాప్‌లోనే ఫ్లష్, అంటే ఒకే రంగు ముక్కలు ఐదు, పూర్తయ్యే అవకాశం ఒక శాతం కూడా లేదు. ఇంకొక్క ముక్క పడితే ఫ్లష్ అయ్యే ఫ్లష్ డ్రా దొరికేది 11 శాతం సార్లు. దొరికాక, రివర్ దాకా వెళ్తే అది పూర్తయ్యేది 35 శాతం సార్లు. ఒకే రంగు కావడం వల్ల గెలుపు అవకాశానికి కలిసేది రెండుమూడు శాతం. పైగా ఎక్కువమంది ఉన్న పాట్‌లో చిన్న ఫ్లష్ మీద పెద్ద ఫ్లష్ పడే ప్రమాదం పెరుగుతుంది. ఆసు ఉన్న సూటెడ్ చేతులకు ఆ భయం లేదు, ఈ టేబుళ్లలో వాటికి ఎక్కువ గౌరవం దక్కాల్సింది అందుకే. తొమ్మిది, నాలుగు రెండూ కళావరే అయినంత మాత్రాన వాటితో ఆడటానికి కారణం ఏర్పడదు.

ఇక పొజిషన్. చివర్లో మాట్లాడే అవకాశం ఎంతమంది ఎదురుంటే అంత విలువైనది, ఎందుకంటే అంతమంది ఏం చేశారో చూసి నిర్ణయం తీసుకోవచ్చు. అందరికన్నా చివర మాట్లాడే సీటైన బటన్ దగ్గర ఆడదగ్గ చేతుల్లో సగానికి పైగా మొదటి సీటు నుంచి ఫోల్డ్ చేయాల్సినవే.

స్టాక్‌కూ (మన ముందున్న చిప్స్‌కూ) పాట్‌కూ ఉన్న నిష్పత్తిని ఫ్లాప్ పడకముందే లెక్కేసుకునే అలవాటు ఎన్నో చిక్కుల్ని తప్పిస్తుంది. ముందు 100 ఉండి, 6కు రైజ్ చేస్తే నలుగురు కాల్ చేశారనుకుంటే పాట్ 30, చేతిలో మిగిలింది 94. అంటే సుమారు మూడు రెట్లు. రెండు మంచి పందేల్లో చిప్స్ అన్నీ లోపలికి వెళ్లిపోతాయి. ఈ పరిస్థితిలో రాజుల జత పట్టుకుని చిన్న ముక్కల ఫ్లాప్ మీద వెనక్కి తగ్గడానికి పెద్దగా కారణాలు ఉండవు. అదే ఐదుగురు ఊరికే లింప్ చేసిన పాట్‌లో 5 బిగ్ బ్లైండ్లే ఉంటాయి, చేతిలో 99. సుమారు ఇరవై రెట్లు. అక్కడ ఒక్క జతతో చిప్స్ అన్నీ పెట్టేశారంటే, ఎదుట కాల్ చేసినవాళ్ల దగ్గర ఉన్నది అంతకన్నా పెద్దదే అయ్యుండాలి. అవే ముక్కలు, అదే ఫ్లాప్, పాట్ పరిమాణాన్ని బట్టి సరైన ఆట తిరగబడుతుంది. రైజ్ చేసి ఆడటానికి ఇది ఇంకో కారణం.

ఫ్లాప్ తర్వాత ఆట: బ్లఫ్ మానేయడం, పందెం పెంచడం

జత కాని రెండు ముక్కలకు ఫ్లాప్‌లో జత పడేది మూడింట ఒక వంతు సార్లే. ఒక్కరే ఎదురుంటే వాళ్లకూ ఏమీ పడకపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, రైజ్ చేసినవాళ్లు ఫ్లాప్‌లో ఇంకో పందెం పెట్టి పాట్ తీసుకెళ్లడం నడుస్తుంది. నలుగురు ఎదురున్నప్పుడు ఆ నలుగురికీ ఏమీ పడకుండా ఉండటం సుమారు ఐదింట ఒకసారే. అయినా ఆసు, రాజు పట్టుకుని ఏమీ కలవని ఫ్లాప్‌లో అలవాటుగా పందెం వేసేవాళ్లు ప్రతి టేబుల్‌లో కనిపిస్తారు. అక్కడ చెక్ చేసి, అంటే పందెం పెట్టకుండా వంతు దాటించి, వదిలేయడమే మేలు.

చేతిలో ఏమీ లేకపోయినా ఎదుటివాళ్లు ఫోల్డ్ చేస్తారని పందెం పెట్టడం, అంటే బ్లఫ్, దాని లెక్క ఇంకా కఠినం. పాట్‌లో 30 ఉన్నప్పుడు 20 పెట్టి బ్లఫ్ చేస్తే, అది 40 శాతం సార్లు పనిచేస్తేనే పెట్టుబడి తిరిగొస్తుంది. ఎదుట ముగ్గురున్నారు, ఒక్కొక్కరూ సగం సార్లు ఫోల్డ్ చేస్తారనుకుందాం. ముగ్గురూ కలిసి ఫోల్డ్ చేసేది ఎనిమిదింట ఒకసారి, 12.5 శాతం. 40 శాతం రావాలంటే ఒక్కొక్కరూ నాలుగింట మూడు సార్లు ముక్కలు పడేయాలి. అంత సులువుగా పడేసేవాళ్లే అయితే అది లూజ్ టేబుల్ ఎలా అవుతుంది? ఒకే ప్రత్యర్థి మిగిలి, అతనూ డ్రా మీద కాల్ చేస్తూ వచ్చి చివర్లో ఏమీ దొరక్క చెక్ చేసినట్టు స్పష్టంగా కనిపిస్తే తప్ప, పెద్ద బ్లఫ్‌ల జోలికి పోకపోవడమే ఇక్కడ సరైన పద్ధతి. ఇటీవలి ఆట సిద్ధాంతం బ్లఫ్‌లకూ బలమైన చేతులకూ మధ్య సమతూకం ఉండాలంటుంది. ఆ సమతూకం, మన ఆటను గమనించి వాడుకోగలవాళ్ల నుంచి రక్షణ. కాల్ చేయడానికే కూర్చున్న మనిషి ముందు దాని అవసరం చాలా తక్కువ.

బ్లఫ్‌లలో పోగొట్టుకోని చిప్స్ ఒక ఎత్తు. మంచి చేతికి సరిపడా పందెం కట్టి సంపాదించేవి మరో ఎత్తు, అసలు డబ్బు ఉన్నది ఇక్కడే. పాట్‌లో 12 ఉండి ఒక్కరే కాల్ చేస్తూ వస్తున్నారనుకుందాం. మూడు రౌండ్లలోనూ సగం పాట్ చొప్పున పెడితే 6, 12, 24. మొత్తం 42. ముప్పావు పాట్ చొప్పున పెడితే 9, 22, 56 దగ్గరకు వస్తుంది. మొత్తం 87. పందెం ఒకటిన్నర రెట్లే పెరిగింది, వచ్చేది రెండింతలకు పైగా పెరిగింది. కారణం, ప్రతి పందెమూ తర్వాతి పాట్‌ను పెంచుతుంది, ఆ పాట్ మీద తర్వాతి పందెం పెరుగుతుంది. జత పడితే వదలని మనిషి సగం పాట్‌కు ఎలా కాల్ చేస్తాడో ముప్పావుకూ అలాగే కాల్ చేస్తాడు. అయినా టాప్ పెయిర్‌తో మంచి పక్క ముక్క ఉన్నప్పుడు రివర్‌లో భయపడి చెక్ చేసేయడం ఈ స్థాయిలో అతి సాధారణం. కాల్ చేసే చేతుల్లో సగానికన్నా ఎక్కువ మన చేతికంటే చిన్నవైతే చాలు, ఆ పందెం లాభమే. మధ్య జతతో కూడా కాల్ చేసే మనిషి ముందు ఈ షరతు ఎంత సులువుగా నెరవేరుతుందో తెలిస్తే, చెక్ చేసి వదులుకున్న మొత్తం ఎంతో కూడా తెలుస్తుంది.

డ్రా ఉన్నవాళ్ల విషయంలోనూ పందెం పరిమాణమే కీలకం. ఒక్క ముక్కలో ఫ్లష్ పూర్తయ్యే అవకాశం 19.6 శాతం. పాట్ 30 ఉన్నప్పుడు 20 పెడితే, కాల్ చేయడానికి ఎదుటివాళ్లకు 28.6 శాతం గెలుపు అవకాశం కావాలి. వాళ్లు కాల్ చేసిన ప్రతిసారీ నష్టానికే చేస్తున్నారు, రివర్‌లో మనం మరీ పెద్దగా ఇచ్చేస్తే తప్ప. అదే 10 పెడితే, మధ్యలో ఇద్దరు కాల్ చేస్తే చివర ఉన్న మనిషికి తన కాల్‌తో కలిపి 70లో 10 పెడితే సరిపోతుంది, అంటే 14.3 శాతం. ఫ్లష్ డ్రాకు అది సరైన కాల్. ఈ టేబుళ్లలో పెద్ద పాట్‌లో పిరికి పందేలు పెట్టేవాళ్లు ఎక్కువ కాబట్టి, మనకు డ్రా ఉన్నప్పుడు ఇదే లెక్క మనవైపు పనిచేస్తుంది.

ఇప్పుడు రెండో లక్షణం, రైజ్ చేయడానికి చాలా ఆలోచించడం. రాత్రంతా చెక్, కాల్ తప్ప ఏమీ చేయని మనిషి టర్న్‌లోనో రివర్‌లోనో హఠాత్తుగా రైజ్ చేస్తాడు. మన చేతిలో రాణుల జత, బోర్డు మీద అంతకన్నా పెద్ద ముక్క లేదు. పాట్‌లో ఆ మనిషి రైజ్‌తో కలిపి 100 ఉంది, కాల్ చేయడానికి ఇంకో 40 కావాలి. 28.6 శాతం సార్లు గెలిస్తే చాలు కదా అనిపిస్తుంది. కానీ ఇలాంటి మనిషి పదిసార్లలో ఒక్కసారే మనకంటే తక్కువ చేతితో రైజ్ చేస్తాడనుకుంటే, ఒకసారి వచ్చే 100, తొమ్మిదిసార్లు పోయే 40లు కలిపి చూస్తే ఒక్కో కాల్‌కు సగటున 26 బిగ్ బ్లైండ్లు పోతున్నాయి. మంచి గంట ఆటలో వచ్చే లాభానికి ఇది కొన్ని రెట్లు. లూజ్ టేబుళ్లలో ఓడిపోయే జాగ్రత్తపరులందరిలో కనిపించే లోపం ఇదే. ముక్కలు ఓపిగ్గా ఎంచుకుంటారు, పందెం సరిగ్గానే పెడతారు, సంపాదించిందంతా ఇలాంటి ఒక్క కాల్‌లో ఇచ్చేస్తారు. "వీళ్లు దేనితోనైనా ఆడతారు" అన్నది నిజమే. దేనితోనైనా కాల్ చేస్తారు, దేనితోనైనా రైజ్ చేయరు.

ప్రతి రెండో చేతికీ రైజ్ చేసే దూకుడు మనిషి టేబుల్‌లో ఉంటే మాత్రం పై మాట అతనికి వర్తించదు. అతని రివర్ పందేనికి మామూలు టాప్ పెయిర్‌తో కాల్ చేయడం సరైనదే. ఒకే పందేనికి ఇద్దరు మనుషుల దగ్గర ఇంత వేరు అర్థాలుంటాయి కాబట్టి, మనం ఆ పాట్‌లో లేనప్పుడు కూడా ప్రతి షోడౌన్, అంటే చివర్లో ముక్కలు తెరిచి చూపడం, గమనించాలి. లైవ్ ఆటలో గంటకు సుమారు 30 చేతులే పడతాయి, వాటిలో ఆడదగ్గవి ఐదారు. ఆసుల జత 221 చేతులకు ఒకసారి వస్తుంది, అంటే ఏడు గంటలు దాటాక. మిగిలిన సమయమంతా ఫోన్ చూస్తూ గడిపేవాళ్లు, విసుగొచ్చి తొమ్మిది, ఏడుతో లింప్ చేసేవాళ్లు, ఎవరు ఏ ముక్కలతో రివర్ దాకా వచ్చారో చూసే అవకాశాన్ని ఉచితంగా వదిలేస్తున్నారు.

రేక్, సీటు, టేబుల్

తక్కువ పందేల ఆటలో అన్నిటికన్నా మొండి ప్రత్యర్థి రేక్, అంటే ఆట నడిపేవాళ్లు ప్రతి పాట్ నుంచి తీసుకునే వాటా. పాట్‌లో పది శాతం, గరిష్ఠంగా మూడు బిగ్ బ్లైండ్లు తీసుకునే చోటు ఉదాహరణగా తీసుకుంటే, 20 పాట్ నుంచి 2 పోతాయి, పది శాతం పూర్తిగా. 150 పాట్ నుంచి 3 పోతాయి, రెండు శాతమే. చిన్న పాట్లు ఎన్నో గెలిచే ఆట మీద రేక్ భారం ఎక్కువ, పెద్ద పాట్లు కొన్ని గెలిచే ఆట మీద తక్కువ. బిగ్ బ్లైండ్‌లో సగం ముందే కట్టే సీటైన స్మాల్ బ్లైండ్ నుంచి "సగం ధరకే కదా" అని బలహీనమైన ముక్కలతో లోపలికి రావడం ఇంకా దండగ అయ్యేది ఇందువల్లే. చేతికి సగటున ఒకటిన్నర పోయినా, 30 చేతులకు గంటకు 45 బిగ్ బ్లైండ్లు టేబుల్ దాటి వెళ్తాయి. తొమ్మిదిమందికి పంచితే తలా 5. గంటకు 5 లాభం రావాలంటే ఎదుటివాళ్ల దగ్గర 10 గెలవాలి. ఆట అంత లూజ్‌గా ఉంటేనే అది సాధ్యం.

అలా గంటకు 5 గెలిచే ఆటగాడికి కూడా ఒడిదుడుకులు చిన్నవి కావు. ఈ ఆటలో 100 చేతులకు 90 బిగ్ బ్లైండ్ల ప్రామాణిక విచలనం, అంటే ఫలితాలు సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఊగుతాయో చెప్పే కొలత, అనుకోవడం సమంజసం. ఆ లెక్కన 100 గంటల తర్వాత రావాల్సిన సగటు 500, విచలనమూ దాదాపు అంతే. బాగా ఆడేవాళ్లు కూడా ఆరింట ఒకసారి 100 గంటల తర్వాత నష్టంలో ఉంటారన్నమాట. 500 గంటల తర్వాత ఆ అవకాశం ఒక శాతం దగ్గరకు దిగుతుంది. ఒక వారం ఫలితం చూసి ఆట మార్చుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇంటి ఖర్చులకు కావాల్సిన డబ్బు టేబుల్ మీద పెట్టకూడదన్నదీ ఇందుకే. అలా పెట్టినవాళ్లు కాల్ చేయాల్సిన చోట కాల్ చేయలేరు, ముప్పావు పందెం పెట్టాల్సిన చోట చెయ్యి రాదు.

సీటు ఎంచుకునే వీలుంటే, లూజ్‌గా ఆడే మనిషి, ముఖ్యంగా దూకుడు మనిషి, మనకు కుడివైపు ఉండేలా చూసుకోవాలి. అప్పుడు అతను ఏం చేశాడో చూశాకే మన వంతు వస్తుంది, లింప్ చేస్తే రైజ్ చేసి మిగతావాళ్లను తప్పించి అతనితో విడిగా ఆడొచ్చు. ఎడమవైపు గట్టిగా, తక్కువ చేతులతో ఆడేవాళ్లు ఉంటే ఇబ్బంది లేదు, వాళ్లు రీరైజ్ చేస్తే ఫోల్డ్ చేయడం తేలిక.

టేబుల్ కూడా గంట గంటకూ మారుతుంది. అన్నిటికీ కాల్ చేసే ఇద్దరు లేచి వెళ్లి, ఆ కుర్చీల్లోకి జాగ్రత్తపరులు వచ్చారంటే ఫ్లాప్ చూసేవాళ్లు ఇద్దరికి పడిపోతారు, రేక్ మాత్రం అలాగే నడుస్తుంది. చాలామంది ఆ మార్పు గమనించినా, పోగొట్టుకున్నది రాబట్టుకోవాలని అక్కడే కూర్చుంటారు. రాబట్టుకోవాలనుకున్న చిప్స్‌లో ఎక్కువ భాగం అప్పటికే ఆ ఇద్దరితో పాటు వెళ్లిపోయి ఉంటుంది. పక్క టేబుల్‌లో నలుగురైదుగురు ఫ్లాప్ చూస్తుంటే అక్కడికి మారాలి, లేకపోతే ఆ రోజుకు లేవాలి.